సోలిగల మ్యాపు సంగతి కూడా రాయాల్సింది
ఆదివాసుల భూమి హక్కులకు లాయర్లు చాలు, మానవశాస్త్రవేత్తలతో పనేముంది అన్న వ్యాసకర్త మాట నాకు నచ్చలేదు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది చూడండి. పెద్దల వాంగ్మూలం, వంశవృక్షం, ఆచారాలపై చేసిన పరిశోధనలు అన్నీ సాక్ష్యాలే. మానవశాస్త్ర పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పేరు అందులోనే ఉంది. చేతిలో కాగితం ముక్క లేని కుటుంబానికి ఇదెంత ఆసరానో! మన బెంగళూరుకు దక్షిణాన బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు అనే ఆదివాసులు తమ పవిత్ర స్థలాలను పరిశోధకులతో కలిసి మ్యాపులో గుర్తించారు. పులుల అభయారణ్యమైనా 2011లో వాళ్లకు అడవిపై సామూహిక హక్కులు దక్కాయి. కానీ ఆ మ్యాపులు, రికార్డింగులు ముందు గ్రామసభ దగ్గర ఉండాలి. థీసిస్ అయ్యాక సిటీ లైబ్రరీలో ఉండిపోతే ఎలా? గ్రామసభ హక్కుల క్లెయిమ్ కాదంటే అప్పీలుకు గడువు 60 రోజులే, ఆలోగా అవి చేతికి అందాలి కదా.