ఇంకా పుట్టని యంత్రకవచం గారికి

మహారాజశ్రీ యంత్రకవచం గారికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమసమాచారాలు అడగడం మర్యాదే కానీ, మీరింకా పుట్టలేదు కాబట్టి ఆ వాక్యం దాటేస్తున్నాను. పుట్టనివాళ్లకు ఉత్తరమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పుట్టనివాళ్ల పేరు మీద బడ్జెట్లే పాసవుతుంటే, నా ఉత్తరానికి వచ్చిందా తప్పు?

మిమ్మల్ని నేను బాగానే ఎరుగుదును. సైనికుడు మీ లోపలికి దూరి తలుపు బిగించుకుంటాడు. ఇక తూటాలు తగిలి టపటపా రాలిపోతాయి, ట్రక్కు ఒంటిచేత్తో పైకి లేస్తుంది, గోడ అవతల నక్కిన మనిషి కళ్ల ముందు తెర మీద ఎర్రగా కనిపిస్తాడు. 1959లో ఒక అమెరికన్ నవలలో మీరు పదాతి దళానికి యూనిఫాం అయ్యారు. ఆ తర్వాత కామిక్స్‌లో, సినిమాల్లో, వీడియో గేముల్లో మీకు ఖాళీ దొరికిన రోజు లేదు. ఇంతమంది పిల్లల మనసు దోచుకున్నాక, వాళ్లలో కొందరైనా పెద్దయి జనరల్స్ కాకుండా ఉంటారా? సైన్యాలు ఏం కొంటాయన్న విషయంలో నాకో సొంత సిద్ధాంతం ఉంది. కొంత సరుకు శత్రువును చూసి కొంటారు. మిగతాది జనరల్ గారు చిన్నప్పుడు దుప్పటి కింద టార్చిలైటు వేసుకుని చదివిన పుస్తకాన్ని చూసి కొంటారు.

మీ ప్రస్థానంలో నవ్వకూడని చోటు ఒకటుంది, ముందు అది చెబుతాను. అఫ్గానిస్తాన్‌లో ఒక ఇంటి తలుపు దాటుతూ అమెరికన్ కమాండో ఒకరు చనిపోయారు. తలుపు దాటే మొదటి మనిషిని ఎలా కాపాడాలి? ప్రత్యేక దళాల అధిపతి అడ్మిరల్ విలియం మెక్‌రేవెన్ 2013లో ఈ ప్రశ్నతోనే బయల్దేరారు. న్యాయమైన ప్రశ్న. అయితే ప్రశ్న దారిలో ఏదో స్టేషన్‌లో దిగిపోయింది, చివరిదాకా ప్రయాణం చేసింది మాత్రం మీరు. బరువులు మోసే కాళ్లు, తూటా తగలని ఒళ్లు, లోపలే కంప్యూటరు, లోపలే చల్లదనం, ఒంట్లో ఏమవుతుందో చెప్పే సెన్సర్లు, అన్నీ కావాలన్నారు. మీ నమూనాల డిజైన్‌కు సినిమా కవచాలు తయారుచేసే హాలీవుడ్ స్టూడియో మనుషుల్ని కూడా పిలిచారు. మరి ఎవరికి అనుభవముంటే వాళ్లనే కదా పిలవాలి! 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా 'మనం ఐరన్ మ్యాన్‌ని తయారుచేస్తున్నాం' అని ప్రకటించి అందర్నీ నవ్వించారు. అది జోకని ఆయనకు తెలుసు. 2018 ఆగస్టుకల్లా మీరు సిద్ధమవుతారని పెట్టిన ముహూర్తం మాత్రం జోక్ కాదు.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు టాలోస్. మీ పథకానికి వాళ్లు పెట్టిన పేరు అదే. ఆ ఆగస్టు వచ్చింది, పోయింది. 2019లో అధికారులే ముందుకొచ్చి, దగ్గరి పోరాటానికి పనికొచ్చే కవచం తయారుకాలేదని ఒప్పుకున్నారు. మీ కోసం చేసిన చిన్నాచితకా విడిభాగాలు వేరేచోట ఉపయోగపడతాయని ఓదార్చుకున్నారు.

ఇంతకీ మీకా పేరు పెట్టిన పురోహితుడెవరో కానీ, కథ చివరిదాకా విన్నట్టు లేదు. గ్రీకుల పురాణంలో టాలోస్ అంటే క్రీట్ ద్వీపానికి కాపలా కాసే కంచు రాక్షసుడు. ఒళ్లంతా ఒకటే నరం, దాన్ని మూసి ఉంచేది చీలమండ దగ్గర ఒక్క మేకు. మెడియా అనే మంత్రగత్తె ఆ మేకు పీకింది, లోపలి ద్రవమంతా కారిపోయింది, రాక్షసుడు పడిపోయాడు. మన కర్ణుడిదీ అదే వరస. పుట్టుకతో వచ్చిన కవచం, ఛార్జింగ్ గొడవ లేదు, టెండరు లేదు, రిపేరు లేదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగితే ఒలిచి ఇచ్చేశాడు. కవచాలున్న కథలన్నీ అవి ఊడిపోయే కథలే. సైన్యాలు మాత్రం ప్రతిసారీ మొదటి సగం చదివి ఆర్డరు పెడతాయి.

ఇక అసలు విషయానికొద్దాం, మీ తిండి సంగతి. సినిమాలో మీ గుండెల మీద చిన్న నీలం బిళ్ల వెలుగుతుంటుంది. దాంతోనే ఎగురుతారు, దాంతోనే పిడుగులు కురిపిస్తారు. ఆ బిళ్ల తయారుచేసే ఫ్యాక్టరీ ఇంకా ఎక్కడా కట్టలేదు. అందుకని ఇంజనీర్లు ఉన్న బ్యాటరీలతోనే లెక్కేశారు. 2014లో పత్రికల్లో వచ్చిన ఆ లెక్క ప్రకారం మీ మొత్తం బరువు 180 కిలోలు, అందులో బ్యాటరీలే 165 కిలోలు. అంటే మిమ్మల్ని కవచమనడం కూడా గౌరవానికే. మీరు కాళ్లొచ్చిన బ్యాటరీ. అది రచయితల తప్పు కాదులెండి. వీరుడు యుద్ధం మధ్యలో ప్లగ్ పాయింట్ వెతుక్కుంటూ తిరిగే అధ్యాయం రాస్తే పుస్తకం ఎవరు కొంటారు? కానీ కొనుగోలు విభాగం ఆ అధ్యాయం కోసమే వెతకాలి. కిలో లిథియం అయాన్ బ్యాటరీలో పట్టేది దాదాపు పావు కిలోవాట్ గంట. కిలో పెట్రోల్లో ఉండేది దాదాపు పన్నెండు. ఈ ఒక్క తేడా మీ జాతకంలో శని.

పెట్రోలే పోయించుకుంటానంటారా? మీ తమ్ముడు, ఆ నాలుగుకాళ్ల రోబో కంచరగాడిద, అదే చేశాడు. సుమారు 180 కిలోలు వీపున వేసుకుని అమెరికా మెరైన్ సైనికుల వెంట కొండలెక్కేవాడు. మంచి పనివాడు, నడక కూడా ముచ్చటగా ఉండేది. కానీ ఇంజిన్ మోతకు అవతలి కొండ మీద శత్రువు కూడా లేచి కూర్చుంటాడు. 2015 చివర్లో మెరైన్లు అతణ్ణి ఇంటికి పంపేశారు. నిజం కంచరగాడిద మాత్రం ఇప్పటికీ కొండల్లో డ్యూటీ చేస్తోంది. దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా అక్కర్లేదు.

మీ పెద్దన్నయ్య హార్డిమన్ గుర్తున్నాడా? 1965లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అతని పని మొదలుపెట్టింది. 680 కిలోల శరీరం, అంతే బరువు ఎత్తగలగాలని కోరిక. ఒంటి నిండా కరెంటు పెడితే పిచ్చిపట్టినట్టు ఊగిపోయేవాడు. అందుకే లోపల మనిషిని పెట్టి పూర్తిగా ఆన్ చేసే సాహసం ఎవరూ చేయలేదు. చివరికి ఒక చెయ్యి మాత్రం పనిచేసింది. 1971కి ఆ కథ ముగిసింది. ఒక చెయ్యి! వంశంలో ఇప్పటికీ అందరికంటే ప్రయోజకుడు అతనేనేమో.

తర్వాత వచ్చిన మీ కాలి కవచాల మాటా చెప్పుకోవాలి. బరువు మీరు మోస్తే సైనికుడికి అలసట తగ్గుతుందనేగా వాదన? అమెరికా సైన్యం పరిశోధకులు ఒక నమూనాను సైనికులకు తొడిగి, మూటలు వీపున పెట్టి, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. ఆక్సిజన్ వాడకం తగ్గాల్సింది పోయి పెరిగింది. బరువు మీరు మోశారు నిజమే, మిమ్మల్ని ఆయన మోశాడు. మనిషి నడక వేల చిన్న సవరణల మీద నడుస్తుంది. రాయి మీద పాదం ఒరిగితే తుంటి సర్దుకుంటుంది, తుంటి సర్దుకుంటే భుజం సర్దుకుంటుంది. మీరేమో ప్రతి అడుగుకూ మీటింగ్ పెట్టి నిర్ణయం తీసుకునే రకం.

ఇంతలో అసలు సైనికుడి గతి చూడండి. రేడియో, రాత్రి కళ్లద్దాలు, జీపీఎస్, టాబ్లెట్, అన్నీ భవిష్యత్తు నుంచి వచ్చిన కానుకలే. మూడు రోజుల గస్తీకి వెళ్తే బ్యాటరీలే ఏడెనిమిది కిలోలు. ఎదిగిన కొద్దీ శాస్త్రం తేలికవుతుందని కథల్లో చెప్పారు. ఇక్కడ వీపు మీదకెక్కి కూర్చుంది.

మీ బంధువర్గంలో మిగతావాళ్ల గురించి క్లుప్తంగా రాస్తాను, అందరినీ పలకరిస్తే తెల్లారిపోతుంది. అమెరికా సైనికుడి కళ్ల ముందే సమాచారం చూపించే కళ్లజోడు గారున్నారు. 2021లో మైక్రోసాఫ్ట్‌తో కుదిరిన ఒప్పందం పదేళ్లలో 2,188 కోట్ల డాలర్ల దాకా వెళ్లొచ్చన్నారు. పెట్టుకున్న సైనికులు తలనొప్పి, కళ్లు లాగడం, వికారం అన్నారు. చీకట్లో ఆ జోడు వెలుగు దూరానికే కనిపిస్తోందని ఫిర్యాదు కూడా వచ్చింది. శత్రువును మనకు చూపించడం దాని పని, మనల్ని శత్రువుకు చూపించడం బోనస్. లేజర్ విమానం గారు 2010 ఫిబ్రవరిలో పరీక్షలో క్షిపణిని నిజంగానే కూల్చారు, చప్పట్లు కొట్టాల్సిందే. కాకపోతే నిజం యుద్ధంలో అది చేయాలంటే ఆ భారీ బోయింగ్ 747 శత్రుదేశం నెత్తి మీదే చక్కర్లు కొడుతుండాలి, వాళ్లు అంతసేపూ పైకి చూడకూడదు. 2011లో పథకం ఆపేశారు, 2014లో విమానాన్ని తుక్కు చేశారు. విద్యుత్ ఫిరంగి గారి గొట్టం అరిగిపోవడం ఆగలేదు, 2021లో అమెరికా నౌకాదళం ఆయన్నీ ఆపింది.

కల్పనంటే నాకు గిట్టదనుకునేరు. 1903లో ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ కందకాల మధ్య కదిలే ఉక్కుకోటల కథ రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్స్‌లోని సొమ్ యుద్ధరంగంలోకి ట్యాంకులు నిజంగానే వచ్చాయి. అక్కడ ఊహ గెలిచింది, ఎందుకంటే కందకం, ముళ్లతీగ, మెషిన్‌గన్ అనే చిక్కుముడి అందరి కళ్ల ముందే ఉంది. అయినా తేడా చూడండి. వెల్స్ యంత్రంలో కుర్రాళ్లు ఆఫీసు గుమాస్తాల్లా నీట్‌గా కూర్చుని మీటలు నొక్కుతారు. నిజం ట్యాంకులో ఎనిమిది మంది ఇంజిన్ పక్కనే ఇరుక్కుని, పొగకు దగ్గుతూ, వేడికి ఉడికిపోతూ కూర్చున్నారు. బయట చాలా ట్యాంకులు చెడిపోయి, బురదలో దిగబడి ఆగాయి. యంత్రాన్ని ముందే చూసిన మహానుభావుడికి కూడా లోపలి చెమట కనిపించలేదు.

ఈ విషయంలో ఫ్రాన్స్ రక్షణ శాఖ కొంచెం తెలివిగా ప్రవర్తించిందని నా అభిప్రాయం. 2019లో 'రెడ్ టీమ్' పేరుతో సైన్స్ ఫిక్షన్ రచయితల బృందాన్ని పెట్టుకుంటామని ప్రకటించింది. ఏ తుపాకీ కొనాలో చెప్పమని కాదు, 2030 నుంచి 2060 దాకా ఏ తలనొప్పులు రావచ్చో ఊహించమని. వాళ్లు దేశం లేని సముద్రపు దొంగల రాజ్యాన్ని ఊహించారు. ఎవరి వార్తల బుడగలో వాళ్లు బతికే జనం, నగరం ఖాళీ చేయమంటే నమ్మని రోజును ఊహించారు. రచయితను పిలిచి ఏ ఆయుధం కొనాలని అడగడం కంటే శత్రువు ఎలా ఉంటాడని అడగడం నయం.

మీ కోసం ఎదురుచూస్తున్న ఈ కాలంలోనే ఉక్రెయిన్‌లో యుద్ధం వచ్చింది, మీరు రాలేదు. కొన్ని వందల డాలర్ల చిన్న డ్రోన్లు వచ్చాయి. రేడియో సిగ్నల్ జామ్ చేస్తే, సన్నటి ఫైబర్ తీగ గాలిపటం దారంలా వెనక వదులుకుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చాయి. వాటి నుంచి రోడ్లను కాపాడడానికి ఏం వాడుతున్నారో తెలుసా? వలలు. ఐరోపా మత్స్యకారులు ఇచ్చిన పాత చేపల వలలు కూడా స్తంభాలకు కట్టారు. లక్షల డాలర్ల వాహనం చేపల వల కింద నుంచి వెళ్తోంది. ఈ సీను ఏ నవలలోనైనా రాసి ఉంటే సంపాదకుడు నమ్మశక్యంగా లేదని కొట్టేసేవాడు.

మీకు కోపం రాదంటే ఇంకో మాట. మీ వంశంలోనే ఒక పేద బంధువుకు ఉద్యోగం దొరికింది. అమెరికా సైన్యం, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన మెత్తటి నడుము పట్టీ. మోటారు లేదు, బ్యాటరీ లేదు, ఒకటిన్నర కిలో కూడా లేదు. వంగి ఫిరంగి గుండ్లు ఎత్తేటప్పుడు వెన్నుకు ఆసరాగా సాగే ఎలాస్టిక్ పట్టీలు, అంతే. దాని బొమ్మలు ఎవరూ కొనరు, దాని మీద సినిమా రాదు. సైనికులు తొడుక్కుని గుండ్లు ఎత్తి చూశారు, నడుముకు సుఖంగా ఉందన్నారు.

అయినా మీరు వస్తానంటే ఎవరు కాదంటారు? వచ్చేముందు చిన్న సమాధానాలు పంపించండి. వానలో తడిసి బురదలో బోర్లా పడితే మిమ్మల్ని లేపడానికి ఎంతమంది కావాలి, వాళ్లకూ కవచాలుండాలా? లోపలి మనిషికి గాయమైతే వైద్యుడు మిమ్మల్ని విప్పడానికి ఎంతసేపు పడుతుంది, స్పానర్ ఎవరి జేబులో ఉంటుంది? కొండ మీద మీ మోకాలు బిగుసుకుపోతే కంపెనీ మనిషి వారంటీ కాగితాలు పట్టుకుని హెలికాప్టర్లో వస్తాడా? ఇంకో ప్రశ్న సభ్యత కోసం మెల్లగా అడుగుతున్నాను. యుద్ధం మధ్యలో లోపలి మనిషికి ఒంటికి వస్తే ముందు ఏ స్క్రూ విప్పాలి?

ఇట్లు,
దుప్పటి కింద మిమ్మల్ని చదివిన వాళ్లలో ఒకరు

తా.క.: జవాబుకు తొందరేం లేదు. 'ఇంకో ఐదేళ్లలో వచ్చేస్తాం' అని మాత్రం రాయకండి. మీ పెద్దన్నయ్య కాలం నుంచీ వింటున్నాం.