ఫొటోలో సోఫా, ఇంట్లో సోఫా

ఇంటి ఫర్నిచర్ గురించిన ఒక వ్యాసంలో, పిల్లలున్న ఇంటికి కూడా తెల్ల సోఫా, గాజు టీపాయ్ అందమని రాశారు. ఫొటోలో అందమే. మా తెల్ల సోఫా మీద మూడో రోజుకే నీలం స్కెచ్ పెన్‌తో రైలుబండి వెలిసింది, ఇంజన్ నుంచి గార్డు పెట్టె దాకా! కవర్ ఊడదీసి ఉతుక్కునే రకమైతే ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పుడు ఏది నచ్చినా ముందు దాని కొలతలకి నేల మీద పాత పేపర్లు పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూస్తాం. సోఫాకీ టీపాయ్‌కీ మధ్య 40–45 సెంటీమీటర్లు, నడిచే దారికి 90 వదిలితే మోకాళ్లు బతికిపోతాయి. గుమ్మం వెడల్పు కూడా కొలవండి (అడక్కండి, అదో కథ). అన్నట్టు, ఎత్తైన పుస్తకాల అల్మరాని గోడకి బిగించాలని ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. పిల్లలు దాన్నే నిచ్చెన చేసుకుంటారు.