24 గేజి షట్టరు

మా వీధిలో ఒక రాత్రి ఎవరి స్కూటర్లోంచో పెట్రోలు పోయింది. లీటరో, లీటరున్నరో. మరునాటి సాయంత్రానికి ఆ కబురు మా గుమ్మం చేరేసరికి ట్యాంకరు పోయినంత అయింది. మేముండేది కర్నూలులో, సి క్యాంపు దగ్గర. 1953లో ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు వెలిసిన క్యాంపులివి. 1956లో రాజధాని చేజారింది, క్యాంపులు మిగిలాయి. రాజధానినే నిలబెట్టుకోలేని ఊళ్లో నా మారుతి 800కు దిక్కెవరని బెంగ పట్టుకుంది.

కారు వయసు పందొమ్మిదేళ్లు. ఎడమ తలుపు బయటినుంచి రాదు. నేను లోపలికి దూరి తీసేదాకా మా ఆవిడ ఎండలో నిలబడాల్సిందే.

"దీన్ని ఎత్తుకుపోయే దొంగ దొరికితే కాళ్లు కడిగి బట్టలు పెట్టి పంపుదామండీ" అంది.

నేను వినలేదు. షెడ్డుకు మూడు వైపులా గోడలున్నాయి, ముందువైపు బోసిగా ఉంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. అక్కడ షట్టరు దిగితే తప్ప నాకు కునుకు పట్టదని తేల్చేశాను.

షట్టర్లు చేసే ఆయన మంచివాడు. నాలాంటివాళ్లకు ఎదురయ్యే మంచివాళ్ల గతే ఆయనకూ పట్టింది. నేలమీద నాలుగు రేకు ముక్కలు పరిచి, "ఇంటికి 20 గేజి సరిపోతుంది సార్, ఇంకా గట్టిగా కావాలంటే 18 వేస్తాను" అన్నాడు. గట్టిగా కావాలన్నవాడికి అంకె తగ్గిస్తాడేమిటి? ముప్పై ఏళ్లు ఆఫీసులో లెక్కలు చూసినవాణ్ణి, నా దగ్గరా ఈ ఎత్తులు? గోడమీది పట్టికలో 24 కనిపించింది. అదే కావాలన్నాను.

"సార్, గేజి అంకె పెరిగితే..."

"ధర పెరుగుతుంది, అంతే కదా!"

"లేదు సార్, తగ్గుతుంది."

ఎక్కువ గట్టిది, తక్కువ ధర! ఇక ఆయన్ను నోరెత్తనివ్వలేదు. మధ్యలో నేలకు దిగే తాళం కూడా పెట్టించుకోమని ఆయన చెప్పబోతే దానికి వేరే లెక్క అని విని, రెండు చివర్లా రెండు తాళాలు చాలన్నాను.

గేజి సంగతి తర్వాత మా మేనల్లుడు చెప్పాడు. పూర్వం తీగను చిన్న చిన్న రంధ్రాల్లోంచి లాగి సన్నబరిచేవారట. ఎన్నిసార్లు లాగితే అంత సన్నం, అంత పెద్ద అంకె. రేకుకూ అదే వరస అంటుకుంది. 18 గేజి ఉక్కు రేకు 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటే, 24 గేజిది అందులో సగం. అంటే నేను బేరమాడి మరీ సగం షట్టరు కొన్నాను.

బిగించిన రోజే వేలితో నొక్కితే పట్టీ లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చింది. మెత్తగా ఉందేమిటని మా ఆవిడ అడిగితే స్ప్రింగు గుణమన్నాను. రాత్రి గాలి లేస్తే చాలు, గడగడమని మొదలయ్యేది. చేతికర్ర పట్టుకుని ఆరుసార్లు బయటికి పరిగెత్తాను. ఏడోసారి వీధి కుక్క కూడా తల ఎత్తలేదు.

అసలు కథ నంద్యాలలో పెళ్లి రోజున జరిగింది. తెల్లవారుజామునే కారులో పళ్లెం, పూలు, చీర సర్దాను. ఇంట్లోకి వెళ్లి వచ్చే రెండు నిమిషాల్లో కారు పోతుందేమోనని షట్టరు దించి రెండు తాళాలూ నొక్కేశాను. అవి నొక్కితే పడిపోయే రకం. చెవులు కారు సీటు మీద ఉన్నాయి. మారు చెవులు? దొంగకు అందకూడదని డ్యాష్‌బోర్డు అరలో దాచాను. కారు లోపల, చెవులు కారు లోపల, నేను పట్టుపంచెతో వీధిలో.

జనం మూగారు. మా ఊరి కొండారెడ్డి బురుజులోంచి తుంగభద్ర అడుగుగా సొరంగం ఉందని చెప్పుకుంటారు కదా, అలాంటిదేమైనా తవ్వించమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. ఎదురింటి ఆటో అతను మాత్రం మాట్లాడకుండా ఒక గడ్డపార, ఒక జాకీ తెచ్చాడు. షట్టరు నడుమ గడ్డపారతో కాస్త ఎత్తి, కింద జాకీ పెట్టి తిప్పాడు. రెండు చివర్లా తాళాలు నిక్షేపంగా ఉన్నాయి. మధ్యలో మాత్రం షట్టరు అప్పడంలా పైకి లేచింది. అతని కొడుకు, ఏడో తరగతి, దాని కింద పాకి వెళ్లి చెవులు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఒకటిన్నర నిమిషం పట్టింది అంకుల్" అన్నాడు. ఫోనులో లెక్కపెట్టాడట.

పెళ్లికి వెళ్లామన్న మాటేగానీ దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. జాకీ ఉన్నవాడు ఎవడైనా నా షెడ్డు తెరవగలడు. అది వీధి వీధంతా చూసింది. పైగా కారు డిక్కీలోనే ఒక జాకీ పెట్టి దొంగకు సౌకర్యం కూడా కల్పిస్తున్నాను. ఇంటికి రాగానే దాన్ని తీసి, గుడ్డలో చుట్టి, బీరువాలో పట్టుచీరల వెనక పెట్టి తాళం వేశాను. ఆ రాత్రి గాలికి షట్టరు ఎంత మోగినా లేవలేదు.

నిన్న మళ్లీ నంద్యాల బయలుదేరాం. ఓర్వకల్లు దాటాక వెనక టైరు పంక్చరైంది. నేను డిక్కీ తెరిచి, కాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ, లోపలే కూర్చుని.

"ఏమీ లేదు. బీరువా తాళం చెవి నీ దగ్గరే ఉందా?" అన్నాను.