ప్రాణభయమైతే ప్రాణభయమని చెప్పండి, పెన్షన్‌ని అడ్డం పెట్టుకోకండి

అగ్నివీర్ నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ ఇళ్లలో ఒకటే గొడవ. కొడుకు వెళ్తానంటాడు, తండ్రి వద్దంటాడు. నాలుగేళ్లకి ఇంటికి పంపేస్తారట, పెన్షన్ లేదట, ఆ తర్వాత ఏం తింటావురా అని అడుగుతాడు. అగ్నివీరులని తీసుకునే అగ్నిపథ్ పథకం సంగతి 2022 జూన్ నుంచి అందరూ వింటున్నదే కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పను. సైన్యంలో నాలుగేళ్ల సర్వీసు, నూటికి పాతిక మందిని మించకుండా ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవానిధి డబ్బు, అంటే చివర్లో ఒకేసారి చేతికిచ్చే మొత్తం, తీసుకుని ఊరికి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాడికి నిజంగా వెళ్లాలని ఉంటే వెళ్లనివ్వండి. వద్దనడానికి గట్టి కారణం ఒకటి ఉంది, కాకపోతే మన ఇళ్లలో ఆ కారణం ఎవరి నోటా రావడం లేదు.

ఆ కారణం ప్రాణభయం. సైన్యంలోకి వెళ్లినవాడు తిరిగి రాకపోవచ్చు. "నువ్వు పోతే నేను బతకలేను, వెళ్లొద్దు" అని ఒక తల్లి అంటే ఎవరూ తప్పుపట్టలేరు, కొడుకు కూడా ఆలోచిస్తాడు. మనం అనేది అది కాదు. పాత పద్ధతిలో జవానుకి పెన్షన్ రావాలంటే కనీసం పదిహేనేళ్లు చేయాలి. అంటే పదిహేనేళ్ల పాటు పూంచ్‌లోనో, సియాచిన్‌లోనో, ఈశాన్యంలో ఏ కొండల్లోనో ఉండటానికి ఇదే తండ్రి సంతోషంగా ఒప్పుకునేవాడు, ఊరంతా స్వీట్లు పంచి రైలెక్కించేవాడు. ఇప్పుడు అవే కొండల్లో నాలుగేళ్లే అంటే గుండె జారిపోతోందట! ప్రమాదం ఎందులో ఎక్కువో లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన బాధ పిల్లవాడి ప్రాణం గురించే అయితే పదిహేనేళ్ల నౌకరీకే ఎక్కువ భయపడాలి. అలా భయపడలేదంటే మనకి కావలసింది పర్మినెంట్ అనే ముద్ర. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైనికులని పంపుతున్న ఊరు. అలాంటి ఊళ్లు కొన్నిటిని పక్కన పెడితే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సైన్యమంటే మనకి మరో ప్రభుత్వ ఉద్యోగం మాత్రమే. టీచర్ పోస్టు రాలేదు, కానిస్టేబుల్ రాలేదు, పోనీ ఆర్మీ. ఆ లెక్కలో చూసినప్పుడు అగ్నివీర్ నాసిరకం సరుకులా కనిపించడంలో వింతేముంది?

(అమ్మాయిలకి కూడా నేవీలోనూ మిలిటరీ పోలీసులోనూ తలుపు తెరిచారు. కూతురు వెళ్తానంటే ఇంట్లో జరిగే గొడవ వేరే రకం, దానికి ఇంకో వ్యాసం కావాలి.)

భయం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి మురళీ నాయక్ పేరు తలవకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా వాళ్ల ఊరు. తల్లిదండ్రులు ముంబైకి వలసపోయి కూలి పని చేసి పెంచిన ఒక్కగానొక్క కొడుకు. 2022 చివర్లో అగ్నివీర్‌గా చేరాడు, 2025 మే 9న, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో చనిపోయాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. పథకం ప్రకారం 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి కూడా ఉంటాయి. లేనిది కుటుంబ పెన్షన్. అదే పోస్టులో అతని పక్కన రెగ్యులర్ జవాను ఎవరైనా ఉండి, అదే షెల్లింగ్‌లో పోతే, అతని ఇంటికి జీవితాంతం నెలనెలా పెన్షన్ వెళ్తుంది. ఈ ఇంటికి వెళ్లదు. ఆ తల్లి ఈ తేడా ఏమిటని బాంబే హైకోర్టుకి వెళ్లింది. ఆమె అడిగినదాంట్లో నాకు ఒక్క అక్షరం కూడా తప్పు కనిపించదు. ముఖ్యమంత్రులు వచ్చి ప్రకటించే పొలాలు, స్థలాలు ఆ రోజు అక్కడ టీవీ కెమెరాలు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి మారతాయి. పెన్షన్ అలా మారదు, అది హక్కు. సర్వీసులో చనిపోయినవాళ్ల విషయంలో అగ్నివీర్‌కీ రెగ్యులర్ జవానుకీ మధ్య గీత చెరిపేయాలి, ఈ ఒక్క పని చేయడానికి కేంద్రానికి ఖజానా అడ్డం వస్తుందంటే నేను నమ్మను. కానీ ఇది ఢిల్లీతో తేల్చుకోవాల్సిన తగువు, ఇంట్లో కొడుకుతో పడాల్సింది కాదు.

పథకాన్ని వ్యతిరేకించేవాళ్లు చెప్పే ఇంకో మాట కూడా ఉంది. నూటికి డెబ్బై అయిదు మందిని వాడుకుని వదిలేస్తున్నారు, తుపాకీ పట్టడం తప్ప ఇంకో పని నేర్పకుండా ఇరవై రెండేళ్ల కుర్రాళ్లని వీధిలోకి తోస్తున్నారు, ఆరేడు నెలల ట్రైనింగ్‌తో సైన్యం బలం తగ్గుతుంది అంటారు. మాజీ సైనికాధికారుల్లోనే కొందరు ఈ మాట అన్నారు, సైన్యం బలం సంగతి వాళ్లే తేల్చాలి. ఉంచుకునే శాతం పెంచుతారని మధ్యమధ్యలో వార్తలు వస్తుంటాయి. వాటిని నమ్ముకుని మాత్రం చేరకండి, నాలుగేళ్లే అనుకుని చేరండి.

వీధిలోకి తోస్తున్నారన్న మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఉండిపోయినవాడు ఎక్కడున్నాడు మరి?

2022 నవంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మొదటి బ్యాచ్ అగ్నివీరులు ట్రైనింగ్ సెంటర్లకి పెట్టెలు సర్దుకుంటున్నారు. 2023 జనవరిలో కానిస్టేబుల్ ప్రిలిమ్స్ జరిగింది. ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలకి పిలుపు రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. తుది ఫలితాలు 2025 ఆగస్టులో. ఆ పరీక్ష రాసిన కుర్రాడు ఈ మధ్య కాలమంతా ఏం చేశాడు? ఉద్యోగం లేదు, పెళ్లి లేదు, పొద్దున్నే లేచి కాలేజీ గ్రౌండ్‌లో పరిగెత్తాడు, ఎందుకంటే ఎప్పుడు పిలుస్తారో తెలీదు, పిలిచినప్పుడు ఒళ్లు సిద్ధంగా ఉండాలి. సరిహద్దులో ఉన్నవాడు ఆపాటికి రెండున్నరేళ్ల జీతం తీసుకున్నాడు.

తెలంగాణ సంగతి ఇంకా బావుంటుంది. గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, అంటే అగ్నిపథ్ కంటే రెండు నెలల ముందు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు, పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ ఎత్తేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నియామక పత్రాలు చేతికి వచ్చింది 2025 సెప్టెంబర్ చివర్లో, అదీ సింగిల్ జడ్జి తీర్పు మీద డివిజన్ బెంచ్ స్టే ఇచ్చాక, కోర్టు కత్తి నెత్తిన వేలాడుతుండగానే. పర్మినెంట్ ఉద్యోగం అంటే ఇదండీ. ఒక అగ్నివీర్ సర్వీసులో ముప్పావు వంతుకి పైగా గడిచిపోయేంత కాలం పట్టింది, అక్కడ అపాయింట్‌మెంట్ కాగితం రావడానికే. అదీ 562 మందికి. మిగతా లక్షల మంది అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో అద్దె కట్టుకుంటూ తర్వాతి నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు.

ఇప్పుడు డబ్బు లెక్క. అగ్నివీర్‌కి చేతికొచ్చేది మొదటి ఏడాది నెలకి 21,000, నాలుగో ఏడాదికి 28,000. నాలుగేళ్లలో మొత్తం 11.7 లక్షల దాకా అవుతుంది. బయటికొచ్చేటప్పుడు సేవానిధి 11.71 లక్షలు, పన్ను లేదు. ఇందులో దాదాపు సగం వాడి జీతంలోంచి నెలనెలా ముప్పై శాతం కోసుకున్న డబ్బే, దాన్ని ప్రభుత్వం దానం చేస్తున్నట్టు చెప్పుకోవడం నాకు నచ్చదు, అది వేరే సంగతి. తిండి, బట్టలు, ఉండటానికి చోటు ఎలాగూ సైన్యానివే. ఇదే నాలుగేళ్లు ఊరి చివర ఇంజినీరింగ్ కాలేజీలో గడిపినవాడిని చూడండి. రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది, బ్యాక్‌లాగ్‌లు ఉంటాయి, అన్నీ దాటి బయటపడ్డాక అమీర్‌పేటలో మరో కోర్సుకి ఫీజు కట్టాలి. మంచి కాలేజీలో మంచి సీటు వచ్చిన పిల్లవాడి గురించి నేను మాట్లాడటం లేదు, వాడు చదువుకోవాలి. ఆ సీటు రానివాళ్లే ఎక్కువమంది, ఈ గొడవ జరిగేది వాళ్ల ఇళ్లలోనే.

ఇంకో తేడా ఉంది, దాన్ని తండ్రులు అస్సలు లెక్కలోకి తీసుకోరు. తెలంగాణలో 2024 గ్రూప్-1 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. ఆ లెక్కన ఇరవై ఏళ్ల తర్వాత కూడా మీ వాడు ఆ పరీక్ష రాసుకోవచ్చు. సైన్యం అలా కాదు, పదిహేడున్నరకి తలుపు తెరుస్తుంది, ఇరవై ఒకటీ ఇరవై రెండు దాటితే మూసేస్తుంది. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తితేనే ఆ పరుగులో పూర్తి మార్కులు. ఆ ఊపిరి పందొమ్మిదేళ్లకి ఉన్నట్టు ముప్పైకి ఉండదు. ముందు మూసుకుపోయే తలుపులోంచి ముందు వెళ్లాలి. గ్రూప్స్ ఎక్కడికీ పోవు, మన సర్వీస్ కమిషన్లు ఆ విషయంలో పూర్తి భరోసా ఇస్తున్నాయి.

నా అసలు కోపం సైన్యం గురించి కాదు. ఎదురుచూడటమే మన పిల్లల వృత్తిగా మార్చేశాం, దాని గురించి. ఇరవై నుంచి ముప్పై వరకు, మనిషి ఒంట్లోనూ బుర్రలోనూ బలం ఎక్కువగా ఉండే పదేళ్లు, నోటిఫికేషన్ ఎప్పుడు, హాల్ టికెట్ ఎప్పుడు, కోర్టులో వాయిదా ఎప్పుడు అని గడిచిపోతున్నాయి, దానికి తల్లిదండ్రులు అప్పు చేసి డబ్బు పంపుతున్నారు, అడిగితే "ప్రిపేర్ అవుతున్నాడు" అని చెబుతున్నారు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడినప్పుడు అందరూ అగ్నిపథ్ మీద కోపం అన్నారు. అక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది అంతకుముందు సైన్యం భర్తీ ర్యాలీలో పరుగు, మెడికల్ దాటినవాళ్లు. రాత పరీక్ష ఇవాళ, రేపు అని వాయిదాలు వేసి, చివరికి కొత్త పథకం పేరుతో అసలు ఆ భర్తీనే రద్దు చేశారు. ఆ రోజు బద్దలైంది ఆ ఎదురుచూపు. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతం కుర్రాడు ఒకడు చనిపోయాడు. కేసులు పడినవాళ్లకి సైన్యం తలుపు మూసుకుపోయింది, విధ్వంసంలో పాల్గొనలేదని రాసిస్తేనే తీసుకుంటామని అప్పుడే తేల్చి చెప్పారు. నిరీక్షణకి ఇంత మూల్యం కట్టిన రాష్ట్రాల్లో, తేదీతో సహా మొదలయ్యి తేదీతో సహా ముగిసే నాలుగేళ్ల పనిని మోసం అంటున్నాం.

వెళ్లేవాడికి ఒక మాట. ఇగ్నో ద్వారా అగ్నివీరులకి ప్రత్యేకంగా డిగ్రీ ఉంది, అందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్నదానికే ఇస్తారు. పదో తరగతితో వెళ్లినవాడికి ఇంటర్ స్థాయి సర్టిఫికెట్‌కి దారి ఉంది. మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టు, మూడో ఏడాదిలో చూద్దాంలే అనుకోకు. సెలవుకి వచ్చినప్పుడు సేవానిధి మీద మేనమామ అప్పు అడిగితే ఇప్పుడే కుదరదని చెప్పు. నీకు ఏడాదికి 30 రోజులే సెలవు, రెగ్యులర్ జవానులా 90 కాదు, ఇంట్లోవాళ్లకి ఇది ముందే చెప్పి వెళ్లు.

ఇక మన ప్రభుత్వాలు చేయాల్సింది. మొదటి బ్యాచ్ గడువు 2026 చివర్లో, 2027 మొదట్లో ముగుస్తుంది. కేంద్ర బలగాల్లో పది శాతం కోటా అని మొదట్లోనే చెప్పారు. ఉత్తరప్రదేశ్ తన పోలీసు నియామకాల్లో 20 శాతం పక్కన పెడుతూ 2025 జూన్‌లో క్యాబినెట్ నిర్ణయం తీసుకుంది. అమరావతి, హైదరాబాద్ కూడా అలాంటి మాటని జీవోగా రాసి పెట్టాలి, స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగంలో చెప్పి వదిలేస్తే కుదరదు. ఎందుకంటే అగ్నివీరులకి మాజీ సైనికుల హోదా లేదు, ఆ కోటాలో వాళ్లు నిలబడలేరు. విడిగా రాయకపోతే ఇరవై మూడేళ్లకి వెనక్కి వచ్చిన జవాను, తుపాకీ పట్టడం నేర్చినవాడు, మళ్లీ కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం మామూలు లైన్లో నిలబడాలి. 2022లో నడిచినట్టే అదీ నడిస్తే ఫలితం వచ్చేసరికి వాడికి ఇరవై ఆరు.