మమకారం వద్దనుకున్న మనిషి కథ

పోయిన వేసవిలో మా చెల్లెలు తన బిడ్డను తొలిసారి గుంటూరు తీసుకొచ్చింది. బ్రాడీపేట ఇంట్లో, వరండాలో మంచం మీద కూర్చున్న నాయనమ్మ ఒళ్లో పాపను పెట్టబోతే ఆవిడ చేతులు చాపలేదు. "వద్దులే అమ్మా, నాకింకో మమకారం ఎందుకు?" అని గోడవైపు తిరిగింది. ఆవిడకు తొంభై ఒకటి. తాతయ్యను, ఇద్దరు కొడుకుల్ని, తోడబుట్టిన వాళ్లందర్నీ సాగనంపింది. ఇన్ని చావులు చూసిన మనిషి వేసుకున్న లెక్క అది. మాలో ఎవరం ఏమీ అనలేకపోయాం.

ఆ వారమే విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో 'హౌ టు స్టాప్ టైమ్' దొరికింది. ఇంగ్లండ్ రచయిత మాట్ హేగ్ 2017లో తెచ్చిన నవల. అందులో టామ్ హజార్డ్ పుట్టింది 1581లో. బాల్యం దాటాక, మనకు పదిహేనేళ్లు గడిస్తే అతని ఒంటికి ఒక్క ఏడాది వయసు వస్తుంది. పసివయసులోనే ముసలితనం తెచ్చే ప్రొజీరియా అనే జబ్బు నిజంగా ఉంది. దానికి ఎదురుగా రచయిత 'అనజీరియా' అని ఒకటి కల్పించాడు. నాలుగు వందల ఏళ్లు దాటినా నలభైల్లో ఉన్నట్టు కనిపించే టామ్, ఇప్పటి లండన్‌లో ఒక బడిలో పిల్లలకు చరిత్ర పాఠాలు చెబుతుంటాడు. ఇలాంటి వాళ్లను దాచి కాపాడే రహస్య సంఘం ఒకటుంది. ఎనిమిదేళ్లకోసారి ఊరు, పేరు మార్చుకోవాలి. అన్నిటికంటే ముందున్న నియమం, ఎవరినీ ప్రేమించకూడదు.

అక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. నాయనమ్మ అన్నది ఆ మాటే కదా.

ఆ నియమాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కొడుకు ఎంతకీ ఎదగడం లేదని ఊరివాళ్లు టామ్ తల్లిని మంత్రగత్తె అన్నారు, నీళ్లలో ముంచి చంపారు. ప్రాణంగా చూసుకున్న భార్య రోజ్ ప్లేగుతో పోయింది. తనలాగే నిదానంగా ఎదిగే కూతురు మేరియన్ ఎక్కడుందో తెలియదు. ఇంత పోగొట్టుకున్నవాడు తలుపులు బిగించుకుంటే తప్పేముంది అనిపిస్తుంది. కానీ తలుపులు బిగించుకున్నాక శతాబ్దాలు గడిచాయే గానీ అతను బతికిందేమీ లేదు. నవల మొత్తంలో నాకు పట్టుకున్నది ఇదే. టామ్‌ను తినేసింది ఆయుష్షు కాదు, ఆ నియమం.

లండన్ వీధుల్లో నడుస్తుంటే పాత జ్ఞాపకాలు కమ్ముకొచ్చి అతనికి తలపోటు వస్తుంది. అదేమిటో తెలియాలంటే అతను మన కృష్ణ ఒడ్డున పుట్టాడనుకోండి. ఇంద్రకీలాద్రి కింద గుహలకు ఎవరి పేరు నిలిచిందో ఆ అక్కన్న మాదన్నలు 1686లో గోల్కొండలో హత్యకు గురయ్యారన్న కబురు అతని చెవిన పడి ఉండేది. 1832-33లో నందన కరువుకు గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావడం కళ్లారా చూసేవాడు. ఆ చావుల తర్వాతే కృష్ణకు ఆనకట్ట కావాలన్న మాటకు బలం వచ్చింది. 1855 నాటికి బెజవాడ దగ్గర అది పూర్తయింది. దాని బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మనం సాయంత్రం గాలికి వెళ్లే ఆ బ్యారేజీ మీద నిలబడితే, ఆకలితో పోయిన వాళ్ల ముఖాలు అతనికి ఒక్కొక్కటే గుర్తొస్తాయి.

బంధాలు తెంచుకోమనే కదా మన పెద్దలు చెప్పింది అంటారు కొందరు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. భారతంలో అశ్వత్థామకు కృష్ణుడిచ్చిన శాపం చూడండి. మూడు వేల ఏళ్లు తోడు లేకుండా, పలకరించే దిక్కు లేకుండా తిరగమన్నాడు. హనుమంతుడూ చిరంజీవే. రామకథ ఎక్కడ చెబితే అక్కడ కళ్ల నిండా నీళ్లతో వచ్చి కూర్చుంటాడని నమ్మిక. ఆయుష్షు ఇద్దరికీ ఉంది. ఒకరికి అది శిక్ష ఎందుకైందో, ఇంకొకరికి వరం ఎందుకైందో మన కథల్లోనే ఉంది.

నవలలో లోపాలు లేకపోలేదు. టామ్ ఎక్కడికి వెళ్లినా షేక్‌స్పియరో కెప్టెన్ కుక్కో ఫిట్జెరాల్డో తగలడం నాకు నచ్చలేదు. పేరు లేని మామూలు జనం మధ్య అతన్ని ఇంకాస్త ఉంచాల్సింది. చివర్లో సంఘం పెద్దతో జరిగే గొడవ హడావుడిగా తేలిపోయింది. అయినా అదే బడిలో ఫ్రెంచ్ చెప్పే కమీల్ ఎదురుపడ్డాక అతని భయం కొద్దికొద్దిగా సడలడం నమ్మబుద్ధేస్తుంది. రాసినవాడు ఆ చీకటి ఎరిగినవాడు మరి. ఇరవై నాలుగేళ్ల వయసులో ఇబిజా దీవిలో తీవ్రమైన డిప్రెషన్‌తో చావు అంచుదాకా వెళ్లొచ్చానని హేగ్ 2015 నాటి తన పుస్తకంలో రాశాడు. ఒక్కరోజు కూడా బతకలేననుకున్న మనిషి నాలుగు వందల ఏళ్లు బతికేవాడి కథ ఎత్తుకున్నాడు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్లు. ఇప్పుడు సుమారు 70. బ్రాడీపేటలో, పటమటలో ఎన్ని ఇళ్లలో పిల్లలు అమెరికాలో, పెద్దవాళ్లు ఇక్కడ! ఫోన్ చేసిన ప్రతిసారీ వాళ్లకు మనం ఏం చెబుతున్నాం? "ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ, టెన్షన్ పెట్టుకోకు, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో." ప్రేమతోనే అంటాం. కానీ ఆ సంఘం టామ్‌కు చెప్పినదానికీ దీనికీ తేడా నాకు కనిపించడం లేదు. కోడలి పురుడు, మనవడి ఉద్యోగం, పక్కింటివాళ్ల గొడవ, అన్నీ ఒక్కొక్కటే వాళ్ల చేతుల్లోంచి తీసేసుకుంటున్నాం. నాయనమ్మ ఆ మాట తనంతట తానే అనుకుందా, మేమే నేర్పామా అని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

చెల్లెలు తిరిగి వెళ్లేముందు ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వరండాలోకి వెళ్లి చూస్తే పాప మంచం మీద నిద్రపోతోంది. పక్కన నాయనమ్మ, చేతిలో అంచుకు గుడ్డ కుట్టిన తాటాకు విసనకర్ర. చెంబులో నీళ్లు ఒకసారి దానిమీద చిలకరించి మళ్లీ విసురుతోంది. కుడిచెయ్యి నొప్పెట్టినట్టుంది, ఎడమచేతికి మార్చింది.

నన్ను చూసి గొంతు తగ్గించి, "దీని చెవులు చూశావా, అచ్చం మీ బాబాయివే" అంది.

బాబాయి పోయి పదకొండేళ్లు. ఇన్నేళ్లలో ఆయన ఊసు ఆవిడ నోట రాలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ విసురుతూ బాబాయి చిన్నప్పటి కబుర్లు మొదలుపెట్టింది.