మా ఒత్తులు మాకిచ్చేయండి

మంగళవారం పొద్దున కాఫీ గ్లాసుతో కూర్చుని, ఎప్పటిలాగే మా తెలుగు కబుర్ల సైటు తెరిచాను. పదిహేడేళ్లుగా తెరుస్తున్నదే. తెరవగానే బెలూన్లు ఎగిరాయి. ‘మీ కోసం సరికొత్తగా!’ అంటూ ఒక పెట్టె అడ్డంగా లేచి నిలబడింది. మూసేద్దామంటే మూలన ఇంటూ గుర్తు లేదు. ‘ఆహా, చూద్దాం!’ అని ఒకే ఒక్క బటన్ ఉంది. అంటే చూడటం ఒక్కటే చాలదు, ఆహా అని కూడా అనాలి. అన్నాను. కాఫీ చల్లారిపోయింది.

సైటు పేరు చెప్పను. చెప్తే వాళ్లకు ప్రచారం, నాకు నోటీసు. తెలియాల్సినవాళ్లకు ఏ సైటో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. వాళ్లలో కొందరికి బీపీ మాత్ర డోసు కూడా పెరిగి ఉంటుంది.

ముందుగా కొత్త రూపంలోని సుగుణాలు చెప్పడం ధర్మం. మొదటిది తెల్లదనం. ఇదివరకు ఒక తెరలో ఇరవై పోస్టుల పేర్లు కనిపించేవి, ఇప్పుడు రెండున్నర కనిపిస్తున్నాయి. మిగతాదంతా సున్నం వేసిన గోడ. డిజైన్ తెలిసినవాళ్లు దీన్ని ఊపిరి తీసుకునే చోటు అంటారట. ఊపిరి వాళ్లకి, ఆయాసం మనకి.

రెండోది మాతృభాషాభిమానం. ఇన్నాళ్లూ లైక్, షేర్ అంటూ అజ్ఞానంలో బతికాం. ఇప్పుడు యంత్రం చేత తెలుగు చేయించారు. లైక్ కాస్తా ‘వంటి’ అయింది. నా పాత పోస్టుకి ‘14 వంటి’ వచ్చాయని రాసి ఉంది. షేర్ ‘వాటా’ అయింది. మా సైటులో ఇద్దరు అన్నదమ్ములున్నారు, వాళ్లు ఒకే పోస్టు కింద వాటా, వాటా అని నొక్కుతుంటే మాకు గుండెల్లో రాయి పడింది. ఒకే సంగతి మీద సాగే కబుర్ల వరుస, థ్రెడ్డు, ‘దారం’ అయింది. ఫాలో ‘వెంబడించు’. విజయనగరం నుంచి రాసే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారి ఫొటో పక్కన నీలం రంగులో ‘వెంబడించు’ అని మెరుస్తోంది. నొక్కాను. ‘మీరు ఆమెను విజయవంతంగా వెంబడించారు’ అని వచ్చింది. ఆవిడకీ నోటిఫికేషన్ వెళ్లింది. ఆ రోజు నుంచి ఆవిడ నా పోస్టులకి జవాబు ఇవ్వడం లేదు.

పాత రూపానికి వెళ్లే లింకు పేజీ అడుగున ఉందని అడ్మిన్లు సెలవిచ్చారు. అడుగు ఎక్కడుంది? కిందికి దిగేకొద్దీ పాత పోస్టులు ఊడిపడుతూనే ఉంటాయి. ఈ అంతులేని స్క్రోల్‌ని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ ఆ తర్వాత తానే బహిరంగంగా నొచ్చుకున్నాడు. ఆయన నొచ్చుకుని ఊరుకున్నాడు, నేను బొటనవేలికి జండూబామ్ రాసుకున్నాను. ఓ రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి, ఒంటిగంటకి ఆ లింకు అంచు కళ్లారా చూశాను. వేలు ఆనించేలోపు 2014 నాటి గోంగూర పచ్చడి ఫొటోలు లోడయ్యాయి. లింకు పాతాళానికి జారిపోయింది.

ఇవన్నీ ఓర్చుకున్నాం. పెళ్లిళ్లలో బఫే ఓర్చుకున్న జాతి మనది. కానీ ఒత్తుల జోలికొస్తే ఎలా?

సంగతేమిటంటే, ఇంగ్లీషు అక్షరం బుద్ధిగా గీత మీద నిలబడుతుంది. మహా అయితే జీ, వై లాంటివి ఒక కాలు కిందికి వేలాడేస్తాయి. తెలుగు అక్షరానికి సంసారం సగం కింది వాటాలోనే. ‘రాష్ట్రం’ అనే మాట చూడండి, ఒక్క ‘ష’ని పట్టుకుని ఇద్దరు వేలాడుతుంటారు. కొత్త రూపం గీసినవాళ్లు కొలతలన్నీ ఇంగ్లీషు మాటలు పెట్టి చూసుకున్నారు. వరుసకీ వరుసకీ మధ్య ఎడం తగ్గించారు, పెట్టె దాటి కిందికి వచ్చినదాన్ని కత్తిరించమన్నారు. కంప్యూటర్ వినయంగా కత్తిరించింది. అమ్మ ‘అమ’ అయింది. పప్పు ‘పపు’ అయింది. అప్పు ‘అపు’ అయింది, బాకీ ఉన్నవాళ్లకి అదో ఊరట. సైటు నెత్తిన తాటికాయంత అక్షరాలతో ‘కొత సైటుకు సాగతం’ అని కనబడింది. ఆ ‘కొ’కి ఒక దీర్ఘం తగిలించి ఉంటే ఉన్న సంగతి చెప్పినట్టయ్యేది.

ఈలోగా కాకినాడ కుర్రాడొకడు సంతోషం పట్టలేక ఒక పోస్టు పెట్టాడు. ఇంటర్లో ఉండగా మా సైటులో చేరాడు, ఇప్పుడు ముప్పై దాటాడు, మా అందరి చేతుల్లో పెరిగినవాడి కింద లెక్క. వాడు టైపు చేసింది ఇది: ‘మా చెల్లి పెళ్లి కుదిరింది. పిల్లాడిది బెంగళూరు. మీ అందరి దీవెనలు కావాలి.’

మాకు కనబడింది ఇది: ‘మా చెలి పెళి కుదిరింది. పిలాడిది బెంగళూరు. మీ అందరి దీవెనలు కావాలి.’

పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మా సైటు చరిత్రలో అదొక రికార్డు. ముందుగా ఏలూరు ఆయన గొంతు సవరించుకుని, ‘గుండె దిటవు చేసుకో బాబూ, కాలమే మరిపిస్తుంది’ అన్నారు. డాలస్‌లో ఉండే కుర్రాడు ‘లైట్ తీస్కో బ్రో’ అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు, ‘ఆ పిల్ల నీకు రాసిపెట్టి లేదు నాయనా. బెంగళూరు సంబంధం అనగానే అమ్మాయిలు ఇంతే’ అని నిట్టూర్చారు. వరంగల్ పెద్దాయన, ‘ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇడిసిపెట్టి పోయినామెకు దీవెనలు అడుగుతున్నవంటే నీది ఎంత పెద్ద మనసు’ అని కళ్లు తుడుచుకున్నారు.

కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. పాపం, వాడి తెర మీదా వాళ్ల మాటలు సగం తెగే కనబడుతున్నాయి. ‘ఓదార్పులు దేనికండీ? నాకు చాలా ఆనందంగా ఉంది. పందిరి నుంచి పప్పన్నం దాకా మొత్తం నేనే దగ్గరుండి చూసుకుంటున్నా’ అని రాశాడు. దాంతో థ్రెడ్డంతా కన్నీరుమున్నీరైంది. ఇంతటి త్యాగం ఈ కాలంలో ఎవరు చేస్తారన్నారు. ‘మీరు మనిషి కాదండీ, దేవుడు’ అని ఒకావిడ దండాల బొమ్మలు పెట్టింది. తన పెళ్లికాని మేనకోడలి జాతకం పంపించనా అని ఇంకొకాయన అడిగారు. కుర్రాడు మొహమాటపడి, ఉన్న మాట చెప్పేశాడు: ‘నాన్న పోయాక తనకి తండ్రినైనా అన్ననైనా నేనే కదా.’

అన్నలో ఒత్తు కూడా తెగిపోయింది. తండ్రి మాత్రం, ఖర్మ, అందరికీ అర్థమయ్యేంత మిగిలింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు థ్రెడ్డులోంచి లేచి వెళ్లిపోయారు. మేనకోడలి జాతకం వెనక్కి తీసుకోబడింది. కొత్తగా నియమించిన యాంత్రిక మోడరేటర్ పరిగెత్తుకొచ్చి, ‘ఈ దారం కొందరిని కలవరపెట్టవచ్చు’ అని బోర్డు తగిలించి, దాని పక్కనే ఒక బెలూన్ ఎగరేసింది.

చివరికి గుట్టు విప్పింది అనంతపురం ఆవిడ. ఆవిడ ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నారట, అందుకని తెగిన ఒత్తులు పూర్తిగా మాయం కాకుండా పైముక్కలు మిగిలాయి. ‘ఒరే నాయనల్లారా, ఆ ల కింద ఇంకేందో తలకాయ కనిపిస్తాంది సూడండి’ అని రాశారు. అప్పుడు తెలిసింది, కుర్రాడి పరువు ఒక్క ఒత్తు మీద నిలబడి ఉందని.

అడ్మిన్లకి అర్జీ పెట్టుకున్నాం. జవాబు వచ్చింది: ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. ఒత్తుల సౌకర్యాన్ని రాబోయే విడుదలలో పరిశీలిస్తాము.’ సౌకర్యమట! లిఫ్టు, పార్కింగులాగా ఒత్తు కూడా సౌకర్యం. రేపు నెలకి 99 రూపాయలు కడితే ద్విత్వాక్షరాలు, 199 కడితే సంయుక్తాక్షరాలు అంటారు కాబోలు. ‘రాష్ట్రం’ రాయాలంటే ఫ్యామిలీ ప్యాక్ తీసుకోవాలి.

ఒత్తుని తేలిగ్గా తీసుకుని బాగుపడినవాళ్లు లేరు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో ఒక కనిపించని గుర్తు ఇరుక్కుని, ఐఫోన్లలో మెసేజ్‌గా దిగింది. దిగిన ఫోనల్లా కుప్పకూలింది. జ కింద వేలాడే ఆ బుల్లి ఞని తట్టుకోలేక ఆపిల్ అంతటిది హడావిడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. స్కూల్లో మనమంతా జ్ఞా దగ్గర తడబడి దెబ్బలు తిన్నాం. ఐఫోన్ తింటే తప్పేముంది?

మార్పు వద్దంటే ఎలా అని అడిగే పెద్దమనుషులు ఉంటారు. వాళ్ల కోసం డిగ్ కథ చెప్తాను. జనం ఓట్లేసి వార్తల్ని పైకి లేపే సైటది, ఒకప్పుడు తిరుగులేదు. 2010 ఆగస్టు 25న నాలుగో అవతారం ఎత్తింది. నచ్చనిదాన్ని పాతిపెట్టే ‘బరీ’ బటన్ పీకేసి, పెద్ద పెద్ద వార్తాసంస్థలకి ముందు వరుసలో కుర్చీలు వేసింది. వాడేవాళ్లు మొత్తుకున్నారు, వినలేదు. దాంతో డిగ్ మొదటి పేజీ నిండా పోటీ సైటు రెడిట్ లింకులే ఎక్కించి, మూటాముల్లె సర్దుకుని రెడిట్‌కే పోయారు. 2012లో డిగ్ అమ్ముడుపోయిన ధర ఐదు లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. 2018లో స్నాప్‌చాట్ రూపం మారిస్తే పన్నెండు లక్షల మందికి పైగా సంతకాలు చేసి పాతది పెట్టమన్నారు. ఈ కథలు ఆ వృత్తిలో అందరికీ తెలుసు. తెలిసీ కొత్త మేనేజరు వచ్చిన ప్రతిసారీ గోడ కొట్టేస్తారు. గోడ కొట్టకపోతే ఆయన వచ్చినట్టు పైవాళ్లకి తెలియదు కదా.

ఇక్కడిదాకా నవ్వుతూనే రాశాను.

మా సైటులో నెల్లూరు పెద్దాయన ఒకరుండేవారు. ‘మీ ఊళ్లో దీన్నేమంటారు?’ అని 2009లో ఒక థ్రెడ్డు మొదలుపెట్టారు. వేరుశనగతో మొదలైంది. కర్నూలు వైపు బుడ్డలు అన్నారు, చిత్తూరు వాళ్లు చెనక్కాయలు అన్నారు, తెలంగాణ వాళ్లు పల్లీలు అన్నారు. అక్కడి నుంచి గొర్రు, గుంటక, కాడి, పలుపు, ఎద్దు మూతికి కట్టే చిక్కం. 1962లో భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చినప్పుడు, దాని కోసం ఊరూరా తిరిగి రైతులని అడిగి మాటలు పోగుచేశారు. మా పెద్దాయనకి తిరిగే మోకాళ్లు లేవు, ఊళ్లే ఆయన దగ్గరికొచ్చాయి. పదేళ్లు. ఎవరే మాట చెప్పినా ఏ మండలం, ఇంట్లో ఎవరనేవారు అని అడిగి రాసుకునేవారు. పోయే ముందు వారం కూడా ఆసుపత్రి మంచం మీద నుంచి కవ్వానికి ఇంకో పేరు సరిచేశారు.

ఆ థ్రెడ్డు ఇప్పుడు లేదు. లింకు నొక్కితే తోకాడించే కుక్కపిల్ల బొమ్మ వస్తుంది. ‘అయో! ఏదో పొరపాటు జరిగింది’ అంటుంది.

పొరపాటు కాదు. చేతులారా చేశారు. వెబ్‌ని పుట్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే రాశాడు, లింకులు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారని. పాత పోస్టులు కొత్త చోటికి మోయడానికి బడ్జెట్ సరిపోలేదట. బెలూన్లకి సరిపోయింది. కుక్కపిల్లకి సరిపోయింది. ఆ మాటలు మీరు రాశారా? మీ జీతగాళ్లు రాశారా? పొద్దున్నే లేచి, పెన్షన్ డబ్బుతో నెట్ వేయించుకుని, ఒంటి వేలితో టైపు చేసిన ముసలివాళ్లు రాశారు. ఊరికే రాశారు. మీకు సైటంటూ ఉందంటే వాళ్లు రాయబట్టే. యాహూ ఇదే పని చేసింది. 2013లో, జనం ఉత్తరాలతో చర్చించుకునే తన గ్రూప్స్‌కి కొత్త రూపం తొడిగింది, జనం గోల పెట్టినా వినలేదు. 2019లో పాత ఉత్తరాలన్నీ తుడిచేస్తామంది, 2020 డిసెంబరు 15న తలుపులు మూసింది. ‘రచ్చబండ’ అనే మన తెలుగు గ్రూపు సాహిత్య చర్చలు సాగింది అక్కడే. ఎవడబ్బ సొమ్మని తుడుస్తారు? అద్దె ఇల్లు ఖాళీ చేయించేవాడు కూడా సామాను వీధిలో పెడతాడు, తగలబెట్టడు.

సరే. కాకినాడ పెళ్లికి వెళ్లాం. శుభలేఖ అచ్చుకి ఇచ్చే ముందు కుర్రాడు ‘చెల్లి’ అన్న చోటల్లా భూతద్దం పెట్టి చూశాడట. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరం చూడనివాళ్లం పాతికమందిమి పోగయ్యాం. ఏలూరు ఆయన నాకంటే పొట్టి, రాతలో మాత్రం ఆరడుగులు ఉండేవారు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట గుంపుగా నిలబడి సైటుని తిడుతుంటే, ఒక పెద్దావిడ గుడ్డ సంచిలోంచి స్పైరల్ బైండింగ్ చేసిన లావుపాటి కట్ట తీశారు. 2016లో, ఫోన్లో చదవలేక, డీటీపీ షాపువాడి చేత ఆ థ్రెడ్డంతా ప్రింటు తీయించుకున్నారట. అప్పటిదాకా వచ్చిన ప్రతి జవాబూ ఉంది. నలభై ఒకటో పేజీలో బుడ్డలు దొరికాయి. డ కింద డ భేషుగ్గా ఉంది. పులిహోర చేత్తో ముట్టుకోబోయిన డాలస్ కుర్రాడి చెయ్యి మీద ఆవిడ ఒక్కటిచ్చారు.

జిరాక్స్ తీయించుకొస్తానని నేను కట్ట అందుకోబోయాను. ఇవ్వబోయి ఆగి, ఆవిడ నా పేరు అడిగారు. సైటులో పేరు చెప్పాను. కళ్లజోడు పైనుంచి నన్ను కాసేపు చూశారు.

“నన్ను వెంబడించింది మీరేనా?” అన్నారు.