తరువాయి 7లో

నా గొంతు బాగుంటుందని ఇంతవరకు నాతో అన్నవాళ్లు ఇద్దరే. ఒకరు మా అమ్మ. రెండోవారు ఫోన్ చేసి లోన్ ఇస్తామన్న అమ్మాయి. ఈ రెండు సాక్ష్యాల బలంతోనే, చూపు లేనివారి కోసం దినపత్రిక చదివి రికార్డు చేసే వాలంటీర్లు కావాలని తెలియగానే పేరిచ్చేశాను.

ఆ సాయంత్రం నుంచే ఇంట్లో నా గొంతు మారిపోయింది. తువ్వాలు ఎక్కడుందని అడగాలన్నా బొడ్డు దగ్గర్నుంచి ధ్వని తీస్తున్నాను. మా ఆవిడ రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు "జలుబు చేసిందా అండీ?" అంది.

ఈమెకు నా పని విలువ తెలియాలంటే కాస్త చరిత్ర చెప్పాలి అనుకున్నాను. ఎడిసన్ 1877లో, మాటను పట్టి ఉంచి మళ్లీ వినిపించే ఫోనోగ్రాఫ్ తయారుచేశాడు. మరుసటి ఏడాది ఒక పత్రికకు వ్యాసం రాస్తూ, ఆ యంత్రం ఎందుకెందుకు పనికొస్తుందో వరుసగా అంకెలు వేసి మరీ చెప్పాడు. పాటలు వినడమన్నది అందులో నాలుగోది. రెండోదేమో చూపు లేనివారికి చదివి వినిపించే పుస్తకాలు.

"చూశావా, పాటలకన్నా ముందు మేమే!" అన్నాను.

"మరి మూడోదేంటి?"

చెప్పక తప్పలేదు. మూడోది, స్పష్టంగా మాట్లాడటం నేర్పడం.

"అయితే మీరు తొందరపడ్డారు. మూడోది పూర్తిచేసుకుని రెండోదానికి రావాల్సింది" అంది.

శిక్షణ గంటన్నర సాగింది. ఇచ్చినావిడకే చూపు లేదు. నేను అడుగుపెట్టగానే "రండి, కుర్చీ మీ ఎడమ పక్కనుంది" అన్నారు. ఆ కుర్చీకి తగులుకుని, శిక్షణ మొదలవకముందే మొదటి మార్కు పోగొట్టుకున్నాను. బ్రిటన్‌లో మొదటి 'మాట్లాడే పత్రిక' 1970లో వేల్స్‌లో ఓ ఊళ్లో, టేపుల మీద మొదలైందని చెప్పి, ఆ ఊరి పేరు పలకమన్నారు. అబెరిస్ట్‌విత్. మూడుసార్లు ప్రయత్నించి, మూడు వేరువేరు ఊళ్ల పేర్లు చెప్పాను.

ఇక నియమాలు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'భ' వచ్చినప్పుడల్లా వినేవాళ్ల చెవిలో ఊదినట్టుంటుంది. ముందు పేపరు పేరు, తేదీ, ఆ తర్వాత హెడ్డింగు. ఫోన్ నంబర్లు రెండుసార్లు. ఫొటో ఉంటే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి. ఒక్కో వార్త ఒక్కో ఫైలుగా ఉండాలి.

"అన్నీ కలిపి ఒకటే ఫైలు చేస్తే తేలిక కదండీ" అన్నాను.

"పేపరు మీరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుతారా?"

"లేదండీ, హెడ్డింగులు చూసి దాటేస్తాను."

"మరి వాళ్లను దాటెయ్యనివ్వరా?"

ఇప్పుడు ఫోన్లే చదివేస్తున్నాయి కదా, ఇంకా నాలాంటివాళ్లెందుకని కూడా అడిగాను. అది మర్యాదైన ప్రశ్న కాదని అడిగాక తెలిసింది. కానీ ఆవిడ ఓపిగ్గానే చెప్పారు. అక్షరాలు అక్షరాల్లా ఉంటే ఫోను చదువుతుందట. పేజీని ఫొటోలా పెడితే, దాంట్లోంచి అక్షరాలు బయటికి తీసే ఏర్పాటు ఉంటే తప్ప అది ఫోనుకు ఒట్టి బొమ్మేనట. పైగా అరవై దాటాక చూపు తగ్గినవాళ్లు చాలామందికి బ్రెయిలీ రాదు, ఫోనుతో పడరు. వాళ్లకు కావలసింది పక్కన కూర్చుని పేపరు చదివిపెట్టే మనిషి.

"చివరి మాట, నటించకండి" అన్నారు. అది మిగతా వాలంటీర్ల కోసం చెప్పిందనుకున్నాను.

మన ఇల్లు ఎంత మోతగా ఉంటుందో మైకు పెట్టుకుంటే గాని తెలియదు. ఫ్యాను ఆపితే గడియారం, గడియారం తీసి దిండు కింద పెడితే ఫ్రిజ్, దాని నోరు నొక్కితే పక్కింటాయన డ్రిల్లింగ్ మెషీన్. ఆయన గోడలు చూస్తే, ఎక్కడా ఒక్క పటం కూడా వేలాడదు. అన్ని మేకులు ఎక్కడ దిగుతున్నాయో ఇప్పటికీ అర్థం కాదు. చివరికి బట్టల బీరువాలో చోటు దొరికింది. వేలాడే బట్టలు శబ్దాన్ని పీల్చేస్తాయి. కింది అర ఖాళీ చేసి, మోకాళ్లు గడ్డానికి ఆనించి, నెత్తిన దుప్పటి, చేతిలో టార్చిలైటుతో కూర్చున్నాను. నెత్తి మీద మా ఆవిడ స్వెట్టర్ చెయ్యి వేసి ఆశీర్వదిస్తోంది.

పేపరు నలభై ఏళ్లుగా చదువుతున్నాననే అనుకున్నాను. పైకి చదివితే గాని, ఇన్నాళ్లూ ఊరికే చూస్తున్నానని తెలియలేదు. సన్నటి కాలమ్‌లో మాట ఎక్కడపడితే అక్కడ విరుగుతుంది. "ఆయన అప్పు" అని లైను అయిపోయింది. నేను జాలిగా ఒక క్షణం ఆగాను. కింది లైను "డప్పుడు సొంతూరికి వచ్చి వెళ్తుంటారు". ఇంకోచోట "సభకు రా" అని శ్రోతలను ఆహ్వానించేశాక "జకీయ నాయకులు హాజరయ్యారు" అని తేలింది. అంతర్జాతీయ వార్తల్లో బుర్కినా ఫాసో రాజధాని తగిలింది, ఊగడూగు. ఊగడు అని తేల్చేసి, వెంటనే ఊగమని ఆజ్ఞాపించే ఊరు! కొన్ని వాక్యాలైతే పదిహేను లైన్లు. క్రియ ఎక్కడో చిట్టచివర ఉంటుంది. ఎవరు ఏం చేశారో తేలేసరికి నాకు ఊపిరి అందలేదు.

అన్నిటికన్నా పెద్ద సమస్య పేపరే. బీరువాలో పేజీ తిప్పితే రికార్డులో అడవి తగలబడుతున్నట్టు వినిపిస్తోంది. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం కత్తెర. చదవాల్సిన వార్తలన్నీ ముందే కత్తిరించి వరుసగా పేర్చుకుంటే, పేజీ తిప్పే పనే ఉండదు. ఇటువైపు వార్త కత్తిరిస్తే దాని వెనక ఉన్న వార్త తల తెగుతుందన్న ప్రకృతి సూత్రం మొదటి కత్తిరింపులోనే బోధపడి, రెండో ప్రతి తెప్పించాను. మొదటి పేజీ వార్తలు ఒక కట్ట, "తరువాయి 7లో" అన్నవాటి తోకలు ఇంకో కట్ట. తోకల మీద ఉండే బుల్లి హెడ్డింగులు అందానికి అడ్డమనిపించి, వాటిని కూడా నీటుగా కత్తిరించి పారేశాను.

ఆ రోజు మొదటి పేజీ నుంచి ఏడో పేజీకి వెళ్లిన వార్తలు రెండు. దుప్పటి దుమ్ముకి నాకు వచ్చిన తుమ్ము ఒకటి. తుమ్ముని రికార్డులోంచి తీసేశాను. అది బీరువాలో చేసిన పనిని మాత్రం గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే శిక్షణ ఇచ్చినావిడ ఫోన్ చేశారు. "ఒకసారి వింటారా?" అని నా ఫైలు నాకే వినిపించారు.

"అభివృద్ధికి అడ్డుపడేవారిని ఉపేక్షించేది లేదని మంత్రి హెచ్చరించారు. అనంతరం ఆయన... చెట్టెక్కి కూర్చుని ఎంతకూ దిగకపోవడంతో అటవీ సిబ్బంది మత్తుమందు సూది వేశారు. స్పృహ తప్పాక వలలో చుట్టి బోనులోకి చేర్చారు. ఆరోగ్యం నిలకడగానే ఉందని పశువైద్యుడు తెలిపారు."

మత్తుమందు దగ్గర నా గొంతు జీరబోయింది. అంత బాగా నేనెప్పుడూ చదవలేదు.

"రెండోది కూడా వినండి" అన్నారు.

"రెండు రోజులుగా కాలనీవాసులకు కంటి మీద కునుకు లేకుండా చేస్తున్న చిరుత ఎట్టకేలకు... వేదిక దిగి మహిళలతో ఫొటోలు దిగారు. వచ్చే ఎన్నికల్లోనూ ఇక్కడి నుంచే పోటీ చేస్తానని, ప్రజలను కంటికి రెప్పలా కాచుకుంటానని హామీ ఇచ్చారు."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"చదివేటప్పుడు మీకు అనుమానం రాలేదా?" అని అడిగారు.

ఏం చెప్పను! నేను వార్త చదవడం లేదు, నా గొంతు వింటున్నాను. 'ఉపేక్షించేది లేదని' దగ్గర గాంభీర్యం, సూది దగ్గర కరుణ, ఎన్నికల దగ్గర ఉత్సాహం, అన్నీ సమపాళ్లలో పడ్డాయా లేదా అన్నదే నా ధ్యాసంతా. మంత్రి చెట్టెక్కిన సంగతి నా నోరు చెప్పింది గాని, నాకు చెప్పలేదు.

"ఒక పెద్దాయన మీతో మాట్లాడాలంటున్నారు, కలుపుతాను" అన్నారు ఆవిడ. టెన్షన్‌తో లేచి నిలబడ్డాను.

"బాబూ, మంత్రిగారికి ఎలా ఉంది?" అన్నది ఆయన మొదటి మాట.

క్షమాపణలు చెప్పుకున్నాను. తర్వాత ఏదో ఒకటి మంచిమాట అనాలి కదా అని, "మీ చెవులు చాలా చురుకండీ, ఇట్టే పట్టేశారు. చూపు లేనివారికి వినికిడి ఎక్కువంటారు, నిజమే" అన్నాను.

"అదేం లేదు బాబూ. నాకు కుడి చెవి సరిగా వినపడదు. అయినా మంత్రిని బోనులో పెట్టారంటే ఎవరికైనా తెలుస్తుంది."

"నా చదువు ఎలా ఉందండీ?" అనేశాను. అంత జరిగాక కూడా అడిగానంటే నా సంగతి మీకర్థమయ్యే ఉంటుంది.

"బాగానే ఉంది. నేను ఎవరినైనా రెండింతల స్పీడులో పెట్టి వింటాను, పని త్వరగా అవుతుంది. మీరు అక్కడక్కడా ఆగుతారు చూడండి, అక్కడ మాత్రం మూడింతలు పెడతాను."

ఆ విరామాలు నేను అద్దం ముందు వారం రోజులు సాధన చేసినవి.

ఆయన ఫోన్ పెట్టేసే ముందు ఆ రెండు ఫైళ్లు తీసెయ్యొద్దని, స్నేహితుడికి పంపుతానని బతిమాలారు. అప్పటికే తీసేశామని ఆవిడ చెప్పారు. పెద్దాయన నొచ్చుకున్నారు.

ఆ రాత్రే మళ్లీ బీరువాలోకి దూరాను. ఈసారి ప్రతి తల మీద, దాని తోక మీద ఎర్ర పెన్నుతో ఒకే నంబరు వేశాను. అదీ చాలదని మా ఆవిడ పీట వేసుకుని బీరువా బయట కూర్చుంది. ఒళ్లో మూడో ప్రతి, కత్తెర తగలనిది. నేను చదువుతుంటే లైను లైనుకీ వేలు పెట్టి చూసుకుంటోంది.

తేదీ చెప్పాను. హెడ్డింగు చెప్పాను. గొంతు మామూలుగానే ఉంచాను. అడ్డుపడేవారిని ఉపేక్షించేది లేదని మంత్రి హెచ్చరించారు. అనంతరం ఆయన...

చేతిలో రెండో ముక్క తిప్పి, నంబరు మరోసారి చూసుకున్నాను.

బీరువా తలుపు సందులోంచి గొంతు వినిపించింది. "ఎక్కలేదు. చదవండి."